ఇంటి లెక్కలకు ఆన్‌లైన్ సాయం: ఏడు నెలల చందా తరువాత

మా మనుమరాలు గోదావరిఖనిలో పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటర్మీడియట్ కోసం హనుమకొండలో మా ఇంటికి వచ్చింది. ఎంపీసీ మొదటి సంవత్సరం, ఇంగ్లిష్ మాధ్యమం. కళాశాలలో ఇంటికిచ్చే భౌతికశాస్త్రం, గణితం లెక్కల్లో ఎక్కడైనా ఆగిపోతే సాయపడే ఒక ఆన్‌లైన్ సేవకు గత జూలైలో చందా కట్టాము. ఏడు నెలల పాటు దాదాపు ప్రతి సాయంత్రం ఆ సేవను దగ్గర నుంచి చూసినవాడిగా ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా నా సంగతి చెప్పుకోవాలి. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో 31 ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి విరమణ పొందాను. ఇంట్లో నన్ను పెట్టుకొని బయటివారికి డబ్బు కట్టడమేమిటని మొదట కొంత మనసు నొచ్చుకున్న మాట నిజం. అమ్మాయి మాత్రం తేల్చి చెప్పింది: "తాతా, ఒక్క లెక్క అడిగితే నువ్వు న్యూటన్ పుట్టిన కాడినుంచి మొదలువెడ్తవు. రేపు పొద్దుగాల ఇరవై లెక్కలు చూపెట్టాలె నేను." ఆ ఆరోపణలో నిజం ఉన్నందున ఒప్పుకోక తప్పలేదు. ప్రశ్న పంపేటప్పుడు, జవాబు వచ్చినప్పుడు పక్కన కూర్చొని చూస్తాను గాని నోరు విప్పనని మాట ఇచ్చాను. ఆ మాట మూడు నాలుగు సార్లు తప్పాను.

సేవ పేరు రాయడం లేదు. కింద చెప్పబోయే లోపాల్లో ఒకటి డబ్బుకు సంబంధించినది, దానిపై వారితో ఉత్తరప్రత్యుత్తరాలు ఇంకా నడుస్తున్నాయి. పైగా ఇదే పద్ధతిలో పనిచేసే సేవలు ఇప్పుడు చాలా ఉన్నందున, ఏది వాడేవారికైనా ఈ పరిశీలన పనికిరావాలని నా ఉద్దేశం.

చందా నెలకు 600 రూపాయలు, దానికి 40 ప్రశ్నలు. ప్రశ్న పంపేటప్పుడు రెండు గడులు నింపాలి. మొదటి గడిలో లెక్కను టైపు చేయాలి లేదా ఫొటో పెట్టాలి. రెండవ గడిలో "ఎంతవరకు చేశావు, ఎక్కడ ఆగావు" అని ఉంటుంది. రెండవ గడిని ఖాళీగా వదిలేస్తే క్షణాల్లో యంత్రం తయారుచేసిన పూర్తి సాధన తెరపైకి వస్తుంది, అందులో ఏదైనా రాస్తే ప్రశ్న ఒక బోధకుడి దగ్గరికో బోధకురాలి దగ్గరికో వెళ్తుంది. ఈ చిన్న ఏర్పాటు మీదనే సేవలోని మంచీ చెడూ రెండూ ఆధారపడి ఉన్నాయని నాకు అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది. ఒకే సంస్థ, ఒకే చందా, ఒకే పిల్ల. ఆ రెండవ గడి నిండిన రోజు జరిగే చదువు వేరు, నిండని రోజు జరిగేది వేరు.

ఆగస్టు చివర్లో ఘర్షణ పాఠంలోని ఒక లెక్క దగ్గర అమ్మాయి చిక్కుకుంది. 30 డిగ్రీల వాలు తలంపై 5 కిలోల దిమ్మె నిశ్చలంగా ఉంది, స్థైతిక ఘర్షణ గుణకం (దిమ్మె కదలక ముందు ఘర్షణ ఎంతవరకు పట్టి ఉంచగలదో చెప్పే సంఖ్య) 0.6, గురుత్వ త్వరణం 9.8గా తీసుకొని దిమ్మెపై పనిచేసే ఘర్షణ బలాన్ని కనుక్కోమని ప్రశ్న. తరగతిలో నేర్పిన సూత్రం ప్రకారం ఘర్షణ అంటే మ్యూ ఇంటూ ఎన్, అంటే ఆ గుణకం ఇంటూ తలం దిమ్మెను లంబంగా నెట్టే బలం కనుక, ఆమె 49 న్యూటన్ల భారాన్ని కాస్ 30తో, ఆపైన 0.6తో గుణించి 25.46 న్యూటన్లు అని రాసింది. పుస్తకం వెనుక జవాబు 24.5 అని ఉంది. దశాంశాల దగ్గర పొరపాటు పడ్డానేమోనని మూడుసార్లు మళ్లీ గుణించింది. చివరికి రెండవ గడిలో తన గుణకారమంతా రాసి, "పుస్తకంలో తప్పు పడ్డదా?" అని అడిగి పంపింది.

నేనైతే ఆ క్షణంలోనే స్థైతిక ఘర్షణ స్వభావం గురించి ఉపన్యాసం మొదలుపెట్టేవాడిని. అవతలి బోధకురాలు అలా చేయలేదు. మొదటి సందేశంలో దిమ్మెపై పనిచేసే బలాలను బాణాలతో చూపే ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీసి, వాలు వెంట పైకి ఎంత బలం ఉందో, కిందికి ఎంత ఉందో బాణాల పక్కన రాసి పంపమన్నది. అమ్మాయి నోట్‌బుక్‌లో గీసి, ఫొటో తీసి పంపింది. కిందికి లాగేది భారంలో సైన్ 30 వంతు, అంటే 24.5. పైకి పట్టి ఉంచేది తాను లెక్కగట్టిన ఘర్షణ, 25.46. రెండవ సందేశం ఒక్క వాక్యం: "నువ్వు రాసిన ప్రకారం అయితే ఈ దిమ్మె ఎటు పోవాలమ్మా?"

ఒక అర నిమిషం ఏమీ జరగలేదు. తరువాత అమ్మాయి పగలబడి నవ్వింది. "తాతా, నా దిమ్మె పద్మాక్షి గుట్ట ఎక్కుతాంది!" ఎవరూ నెట్టకుండానే వాలు మీద తనంతట తాను పైకి పాకే దిమ్మెను ఊహించుకున్న తరువాత, ఘర్షణ బలం ఎంత ఉండాలో ఆమెకు ఎవరూ చెప్పవలసిన అవసరం రాలేదు. 25.46 అనేది ఘర్షణ చేరుకోగలిగిన గరిష్ఠ హద్దు అనీ, దిమ్మె కదలనంతవరకు ఘర్షణ తన అవసరం మేరకే, అంటే 24.5 మాత్రమే పనిచేస్తుందనీ తానే రాసి పంపింది. ముప్పై ఏళ్లలో వందలాది జవాబు పత్రాల్లో ఈ తప్పునే దిద్దాను. సూత్రం సరైనదే, కాని అది ఎప్పుడు వర్తిస్తుందో సూత్రంలో కనిపించదు. ఈ లెక్కలో రెండు సంఖ్యల మధ్య తేడా ఒక న్యూటను కూడా లేకపోవడంతో గుణకారంలోనే పొరపాటు ఉందని పిల్లలు నమ్ముతారు.

బోధకురాలు అక్కడితో వదల్లేదు. వాలును 35 డిగ్రీలు చేస్తే ఏమవుతుందని అడిగింది. అమ్మాయి లెక్కగట్టింది: కిందికి లాగేది 28.1, పట్టి ఉంచగలిగింది అత్యధికంగా 24.1. జారుతుంది. "ఇప్పుడు ఘర్షణ ఎంత?" అని తరువాతి ప్రశ్న. అమ్మాయి 24.1 అని రాయబోయి, చేయి ఆపి, "జారుతున్నప్పటి గుణకం ఇయ్యలేదు కదా మేడం" అని టైపు చేసింది. గతిక ఘర్షణ గుణకం స్థైతిక గుణకంతో సమానం కానక్కర లేదని పాఠంలో ఉంది, కాని ఇచ్చిన దత్తాంశంతో ఒక ప్రశ్నకు జవాబు రాదని గుర్తించడం పాఠంలో ఉండదు. ఈ సంభాషణ మొత్తానికి 22 నిమిషాలు పట్టింది. నేను నోరు విప్పలేదు, అది ఎంత కష్టమో సాటి అధ్యాపకులకు తెలుసు. అయిపోయాక మాత్రం ఉండబట్టలేక, ఏనుమాముల మార్కెట్‌లో లారీకి ఆనించిన పలక మీద మిర్చి బస్తా ఏ వాలు దగ్గర జారడం మొదలుపెడుతుందో చూపిస్తూ నేను ఈ పాఠం చెప్పేవాడినని గుర్తుచేసుకొని, అట్ట మీద అగ్గిపెట్టె పెట్టి ఒక చివర మెల్లగా ఎత్తి చూపించాను. గుణకం 0.6 అయితే జారుడు 31 డిగ్రీల దగ్గర మొదలు కావాలి. మా అగ్గిపెట్టె అంతకు ముందే జారిపోయింది.

మరునాడు, కుతూహలం కొద్దీ, అదే లెక్కను రెండవ గడి ఖాళీగా ఉంచి నేనే పంపాను. యంత్రం అయిదారు క్షణాల్లో తొమ్మిది మెట్ల సాధన ఇచ్చింది. అది పూర్తిగా సరైనది. గరిష్ఠ ఘర్షణతో పోల్చి, దిమ్మె జారదని నిర్ధారించి, 24.5 అని ముగించింది. పరీక్షలో అలా రాస్తే నేను పూర్తి మార్కులు వేస్తాను. దాన్ని చదివి అమ్మాయి "అవును, అంతే కదా" అన్నది. ముందు రోజు తానే పడి లేచిన చోటు అది కనుక అలా అనగలిగింది. పడకుండానే ఆ తొమ్మిది మెట్లు చదివిన పిల్ల కూడా అదే మాట అంటుంది, తరువాతి లెక్కలో మళ్లీ మ్యూ ఇంటూ ఎన్ రాస్తుంది.

యంత్రపు సాధనల గురించి న్యాయంగా మాట్లాడాలంటే, లెక్క సూటిగా ఉన్నచోట అవి బాగానే ఉన్నాయి. మాత్రికల గుణకారం, నిర్ధారకం విలువ, త్రికోణమితి సర్వసమీకరణాల వంటి వాటిలో ఎక్కడ గుర్తు తప్పిందో పోల్చి చూసుకోవడానికి అంతకంటే తొందరగా సాయపడే మార్గం లేదు. సంఖ్యకు అర్థం చెప్పవలసిన చోటనే తేలిపోతాయి. 40 మీటర్ల గోపురం మీది నుంచి బంతిని సెకనుకు 10 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరితే ఎప్పుడు నేలను తాకుతుందనే పాత లెక్కనే తీసుకుందాం. గురుత్వ త్వరణం 10 అనుకుంటే టీ స్క్వేర్ మైనస్ 2టీ మైనస్ 8 సున్నాకు సమానమనే సమీకరణం వస్తుంది, దానికి మూలాలు 4, మైనస్ 2. కాలం రుణాత్మకం కాదు కనుక మైనస్ 2ను వదిలేయాలని యంత్రం రాసింది. మేము కూడా తరగతిలో అలాగే వదిలేసేవాళ్లం. అమ్మాయి అదే లెక్కను తన ప్రయత్నంతో సహా పంపినప్పుడు, ఒక కుర్ర బోధకుడు ఆ మైనస్ 2ను వదలనివ్వలేదు. గోపురం మీద మనిషి లేడనుకొని, అదే బంతి రెండు సెకన్లు ముందుగా నేల నుంచి వచ్చిందనుకుంటే అక్కడ దాని వేగం ఎంత ఉండాలని అడిగాడు. 30 అని లెక్క తేలింది. నేల నుంచి సెకనుకు 30 మీటర్లతో విసిరిన బంతి రెండు సెకన్లలో సరిగ్గా 40 మీటర్ల ఎత్తుకు చేరి, అక్కడ 10 మీటర్ల వేగంతో పైకి పోతూ ఉంటుంది. సమీకరణానికి బంతిని ఎవరు విసిరారో తెలియదు, ఆ దారి మాత్రమే తెలుసు. ఇన్నేళ్ల బోధనలో ఇది నాకు తట్టలేదని ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

ప్రశ్నను పంపే పద్ధతిలో కొన్ని చిక్కులున్నాయి. ఫొటోలోని చేతిరాతను యంత్రం చదివేటప్పుడు మా అమ్మాయి తీటాను సున్నాగా పోల్చుకోవడం మామూలు విషయం. సైన్ తీటా కాస్తా సైన్ సున్నా అయిపోయి, అరపేజీ లెక్క మొత్తం సున్నాగా తేలిన సాయంత్రాలు మూడున్నాయి. ఆమె రాసే యు, వి అక్షరాలు రెండూ ఒకేలా ఉండడం వల్ల తొలి వేగం, తుది వేగం తారుమారవుతాయి. టైపు చేస్తే మరో తంటా. 1/2ఎక్స్ అని కొట్టినప్పుడు ఎక్స్ లవంలో ఉందో హారంలో ఉందో అవతలివారికి తెలియదు. బ్రాకెట్లు పెట్టడం నేర్పే ఒక్క పేజీ సూచనలు కూడా ఈ సేవలో లేవు. నేనే ఒక కాగితం మీద రాసి ఆమె బల్ల ముందు గోడకు అంటించాను. సేవ వల్ల కాకపోయినా దాని మూలంగా కలిగిన లాభం ఒకటుంది: ఇప్పుడు తీటా మధ్య గీతను ఆమె స్పష్టంగా గీస్తుంది, దిద్దేవారికి పరీక్షలో అది మేలే చేస్తుంది.

భాష విషయంలో ఈ సేవ నన్ను ఆశ్చర్యపరిచింది. మాధ్యమంగా తెలుగును ఎంచుకునే వీలుంది, కాని ఎంచుకుంటే తెర మీది మీటల పేర్లు మాత్రమే తెలుగులోకి మారతాయి, అనువాదం కూడా నాసిరకం. అసలైన తెలుగు బోధకుల దగ్గర ఉంది. పదవ తరగతి దాకా వడి, వేగం, ద్రవ్యరాశి, భారం అని చదువుకున్న పిల్లకు ఒక్కసారిగా స్పీడ్, వెలాసిటీ, మాస్, వెయిట్ వచ్చి పడ్డాయి. పాఠ్యపుస్తకపు తెలుగులో వడికి దిశ లేదు, వేగానికి దిశ ఉంది. ఇంట్లో మనం రెంటినీ వేగమనే అంటాం. అలాగే కిరాణా దుకాణంలో బరువు 5 కిలోలు అంటాం, భౌతికశాస్త్రంలో 5 కిలోలు ద్రవ్యరాశి, బరువు 49 న్యూటన్లు. ఘర్షణ లెక్క చూసిన బోధకురాలిది జగిత్యాల వైపని ఒకసారి మాటల్లో తెలిసింది. సాపేక్ష వేగం దగ్గర అమ్మాయి తడబడితే ఆమె పుస్తకంలోని నది, పడవ వదిలేసి, "కాజీపేట జంక్షన్‌ల నీ రైలు ఆగి ఉన్నది, పక్క రైలు కదిలింది. నీకేమనిపిస్తది?" అని అడిగింది. సెలవులకు గోదావరిఖని పోవడానికి కాజీపేటలో రైలెక్కే పిల్లకు ఇక ఆ మాట వివరించనక్కర లేదు. సూత్రంలో మైనస్ గుర్తు ఎందుకు వచ్చిందో ఆ కిటికీలోంచే కనిపించింది. ఇలాంటి బోధకులు ముగ్గురు నలుగురున్నారు. కాని మనకు నచ్చిన బోధకులను ఎంచుకునే వీలు లేదు, ఎవరు ఖాళీగా ఉంటే వారు వస్తారు. ఇది పెద్ద లోటు.

ఇక ఫిర్యాదులు. రాత్రి 8 నుంచి 10 మధ్య, అంటే పిల్లలందరూ లెక్కల ముందు కూర్చునే సమయంలో, బోధకుడు దొరకడానికి నలభై నిమిషాలు కూడా పట్టింది. "సగటున కొద్ది నిమిషాల్లో" అనే ప్రకటన మధ్యాహ్నం మూడింటికి నిజమే కావచ్చు, ఆ వేళకు మా పిల్ల కళాశాలలో ఉంటుంది. అక్టోబరులో అవధుల అధ్యాయం నుంచి ఒక లెక్క పంపింది: ఎక్స్ సున్నాను సమీపించేటప్పుడు, డిగ్రీల్లో కొలిచిన ఎక్స్ సైన్‌ను ఎక్స్‌తో భాగిస్తే వచ్చే అవధి ఎంత. జవాబు 1 అని బోధకుడు ధీమాగా రాసి పంపాడు. ఆ సూత్రం కోణం రేడియన్లలో ఉన్నప్పుడే 1 ఇస్తుంది. డిగ్రీలైతే జవాబు పై (π) బై 180, దాదాపు 0.01745. క్యాలిక్యులేటరులో సైన్ 1 డిగ్రీ నొక్కితే అదే సంఖ్య కనిపిస్తుంది. అక్కడ మాట తప్పి, నేనే అభ్యంతరం రాశాను. మరునాటికి తప్పు దిద్ది, క్షమాపణ చెప్పి, ఒక ప్రశ్నను ఖాతాలో తిరిగి జమ చేశారు. తప్పు చేయడం గురించి నాకు పెద్ద పట్టింపు లేదు, నేనూ నల్లబల్ల మీద చాలా చేశాను. ఇంట్లో చూసి చెప్పేవారు లేని పిల్ల ఆ 1ని అలాగే పరీక్షలో రాసి వచ్చేదన్నదే నా బాధ.

అంతకంటే పెద్ద ఫిర్యాదు డిసెంబరు మొదటి వారానిది. కళాశాలలో ఒకేసారి సరళరేఖల అధ్యాయం నుంచి ముప్పై లెక్కలిచ్చి సోమవారానికి నోట్‌బుక్ తెమ్మన్నారు. అమ్మాయి పద్నాలుగింటిని రెండవ గడి నింపకుండా పంపి, తెర మీది సాధనలను చూచిరాత వేసింది. నేను చూస్తూనే ఉన్నాను, సోమవారం ఆమెకు ఎదురయ్యే తిట్లను తలచుకొని ఊరుకున్నాను. మంగళవారం వాటిలోంచి ఒక లెక్కను, సంఖ్యలు మాత్రం మార్చి, ఇచ్చాను. ఒక బిందువు నుంచి రేఖకు లంబదూరం. కలం కదలలేదు. నోట్‌బుక్‌లో మాత్రం ఆ లెక్క పక్కన ఎర్ర సిరాతో టిక్కు ఉంది. ఈ తప్పులో ముప్పై లెక్కలిచ్చిన కళాశాలకు, ఊరుకున్న నాకు, రాసుకున్న అమ్మాయికి తలా ఒక వాటా ఉంది. కాని ఖాళీ గడికి బహుమతిగా పూర్తి సాధన ఇచ్చే ఏర్పాటు సేవవారిది. కనీసం మొదటి మెట్టు చూపించి, తరువాతి మెట్టు పిల్లను చేయమని ఆగితే వారికి పోయేదేమీ లేదు. ఈ సూచన రాసి పంపితే "మీ అభిప్రాయం మాకు విలువైనది" అనే అచ్చు సమాధానం వచ్చింది.

జనవరి నుంచి తెరపై ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ కిటుకుల ప్యాకేజీ కొనమని రోజూ ఒక ప్రకటన ఊడిపడుతోంది. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో గణితం 80, భౌతికశాస్త్రం 40 ఉన్న పరీక్షకు వేగం అవసరమే. కాని దిమ్మె గుట్టెక్కుతుందో లేదో ఇంకా తేల్చుకుంటున్న మొదటి సంవత్సరం పిల్లకు కిటుకులు అమ్మడం, ఈత రానివాడికి భద్రకాళి చెరువు గట్టున పందెం పెట్టడం వంటిది. కొనలేదు.

ఇదే డబ్బుకు ప్రత్యామ్నాయాలు ఏమున్నాయని కొందరు మిత్రులు అడిగారు. నయీంనగర్‌లో అడుగుకొక ట్యూషను బోర్డు ఉంది. మంచి అధ్యాపకుడు దొరికితే ఎదురుగా కూర్చొని నేర్చుకోవడానికి సాటి లేదు, కాని నలభై మంది గుంపులో మా అమ్మాయి చేయెత్తదు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలకు ఆ బెరుకు ఎంత ఉంటుందో చూసినవాడిని. తెర వెనుక ఉన్న మనిషిని "పుస్తకంలో తప్పు పడ్డదా?" అని అడగగలిగింది, తరగతిలో ఆ ప్రశ్న ఆమె నోటివెంట రాదు. ఉచితంగా దొరికేవాటిలో ఖాన్ అకాడమీ పాఠాలు వాడుతున్నాము. దాన్ని స్థాపించినది సల్మాన్ ఖాన్ అంటే నటుడనుకునేరు, ఈయన వేరు. 2004లో దూరాన ఉన్న బంధువుల అమ్మాయికి ఫోనులో లెక్కలు చెప్పడంతో మొదలై, 2008లో సంస్థగా మారింది. పాఠం మళ్లీ వినడానికి అది చాలా బాగుంటుంది, కాని "నా లెక్కలో ఎక్కడ తప్పాను" అంటే వీడియో జవాబు చెప్పదు. నోబెల్ బహుమతి పొందిన భౌతికశాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ఫెట్ అనే కంప్యూటర్ ప్రయోగ నమూనాలు వాలు తలం, ప్రక్షేపకం వంటి పాఠాలకు నా అగ్గిపెట్టె కంటే ఎంతో మేలు. సరళరేఖలకు, తెర మీద రేఖలూ బొమ్మలూ గీసి చూసే జియోజీబ్రా ఉంది. డిసెంబరు చూచిరాత తరువాత ఆ లంబదూరాన్ని అందులోనే గీసి, బిందువును వేలితో జరుపుతూ దూరం ఎలా మారుతుందో చూసి నేర్చుకుంది. ఈ మూడింటికీ పైసా ఖర్చు లేదు. చందా సేవకు నేను కట్టే 600 రూపాయలు, నా లెక్కలో, "ఈ దిమ్మె ఎటు పోవాలమ్మా?" అని అడిగే ఆ ఒక్క మనిషికి మాత్రమే.

ఎవరికి పనికొస్తుందంటే, ఇంట్లో లెక్కలు చెప్పేవారు లేకపోయినా ఫరవాలేదు గాని, రెండవ గడి నిండిందా అని చూసేవారు ఒకరుండాలి. దానికి భౌతికశాస్త్రం రానక్కర లేదు, మా ఇంట్లో ఇప్పుడు ఆ పని ఏడవ తరగతితో చదువు ఆపేసిన వాళ్ల అమ్మమ్మ చేస్తోంది. "రాసినవా బిడ్డా?" అని అడుగుతుంది, రాసిన పేజీ చూపిస్తే గాని ఫోను ఇవ్వదు. అలా చూసేవారు లేని చోట, హాస్టలులో ఫోను చేతికిచ్చి వదిలేసే పిల్లలకు, ఈ చందా కట్టవద్దని నా సలహా. జవాబుల నోట్‌బుక్ తయారవుతుంది, అంతకు మించి ఏమీ జరగదు.

ఫిబ్రవరిలో మరో సంగతి గమనించాను. అమ్మాయి ప్రశ్న టైపు చేయడం మొదలుపెడుతుంది, రెండవ గడిలో తాను ఎంతవరకు చేసిందో వరుసగా రాస్తుంది, నాలుగైదు పంక్తుల తరువాత "ఓ" అని, రాసిందంతా చెరిపేసి, నోట్‌బుక్‌లోకి వెళ్లిపోతుంది. ఆగిన చోటును మరొకరికి అర్థమయ్యేలా చెప్పబోయేసరికి తనకే దారి కనబడుతోంది. ఆ నెల 40 ప్రశ్నలకు గాను 17 మాత్రమే పంపింది.

మిగిలిన 23 తరువాతి నెలకు బదిలీ కావని సేవవారి నిబంధన. ప్రశ్నలు తక్కువగా ఉండే చిన్న చందాకు మారతామని ఫిబ్రవరి 20న కోరితే సరేనన్నారు, మార్చి 1న బ్యాంకు ఖాతా నుంచి పాత 600 రూపాయలే తీసుకున్నారు. దానిపై రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి అచ్చు సమాధానం వచ్చింది, రెండవదానికి ఇంకా ఏదీ రాలేదు.